జనార్దనం ఇంటికి తొలి బట్ట

అలమేలు కోపం వస్తే అరిచే మనిషి కాదు. కొంగు నడుముకు బిగించి, చేస్తున్న పనే ఇంకాస్త గట్టిగా చేస్తుంది. పాత వాషర్‌మన్‌పేటలో జనార్దనం రంగుల షెడ్డులో పనిచేసే వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. ఆమె తొట్టిలో కర్ర వేసి తిప్పేటప్పుడు నీళ్లు అంచు దాటి కింద పడుతున్నాయంటే, ఆ పూట ఎవరూ ఆమె జోలికి పోరు. ఊరి పేరు ఇంకా మద్రాసుగానే ఉన్న ఆ రోజుల్లో, తొంభైల నడిమధ్య, రెండేళ్లపాటు ఆమె తొట్టి చుట్టూ నేల ఆరింది లేదు.

కారణం ఆమె మొగుడు పళని. మనిషి పోయాడు, దానికి ఆమె ఏడవాల్సినంత ఏడ్చింది. చావు ఎవరింట్లో లేదు గనక. కానీ శవం ఇంకా వాకిట్లో ఉండగానే జనార్దనం కారు దిగి వచ్చాడు. పూలదండ వేశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని, చుట్టూ ఉన్న వాళ్లందరికీ వినబడేలా, "ఎన్నిసార్లు చెప్పినా వినలేదమ్మా. సారాయం తినేసింది వాణ్ణి" అనేసి కారెక్కి వెళ్లిపోయాడు. షెడ్డు యజమాని, అందరూ మొదలాళీ అని పిలిచే పెద్దమనిషి. ఆయన నోట వచ్చిన మాట సాయంత్రానికల్లా పేటంతా పాకింది. ఆ మాటను పళని సొంత తమ్ముడు సుందర్‌రాజ్ కూడా నమ్మాడు.

అలమేలుకు పిల్లలు లేరు. కాబట్టి పళనికి ఏటేటా తెవసం పెట్టాల్సింది సుందర్‌రాజే. తద్దినాన్ని ఈ వైపు తెలుగువాళ్లు తెవసమనే అంటారు. మొదటి ఏడు ఆమె వెళ్లి అడిగితే అతను తల కూడా ఎత్తలేదు. "మా నాయన తాగి పోయినాడు, అన్నా తాగే పోయినాడు. తాగి చచ్చినోళ్లకు పిండాలు పెట్టడమే నాకు పనా వదినా?" అన్నాడు. అతనూ అదే షెడ్డులో మూటలు మోసేవాడు. రోజూ ఎదురుపడేవాడు. అన్న పేరు మాత్రం ఎత్తేవాడు కాదు.

పళని తాగేవాడు కాదని అలమేలు ఎప్పుడూ అనలేదు. జీతం రోజు తాగేవాడు. ఆ పేటలో జీతం రోజు తాగని మగవాణ్ణి చూపిస్తే ఆమె వాడి కాళ్లకు దండం పెట్టి ఉండేది. కానీ పళనికి వచ్చింది తాగుడు రోగం కాదు. మూత్రంలో రక్తం పడింది. సర్కారు ఆసుపత్రి డాక్టరు మూత్రసంచిలో గడ్డ ఉందన్నాడు. ఏం పని చేస్తావని అడిగాడు. రంగుల షెడ్డని పళని చెబితే, తల ఊపి, పక్క రోగి వైపు తిరిగాడు. ఆ తల ఊపడం అలమేలు మనసులో ముల్లులా ఉండిపోయింది. దానర్థం చెప్పేవాళ్లు మాత్రం ఎవరూ దొరకలేదు.

పళని షెడ్డులో ఏం చేసేవాడో చెప్పాలి. ఆ రంగులు నూలుకు పట్టాలంటే తొట్టిలో ఉప్పు పడాలి. సరిపోయిందో లేదో చూడటానికి ఆ షెడ్డులో ఉన్న పద్ధతి ఒకటే. వేలు ముంచి నాలుకకు రాసుకోవడం. అందరి నాలుకా దానికి పనికిరాదు. పళని నాలుక పనికొచ్చింది. "ఇంకో చారెడు" అన్నాడంటే చారెడే పడాలి, పడితే రంగు చిక్కగా పట్టేది. అందుకే అతన్ని నాలుక మేస్త్రీ అనేవాళ్లు. పెళ్లిచూపులకు వచ్చినప్పుడు అలమేలు వాళ్లమ్మ, "పిల్లోడు వక్కాకు ఎక్కువ నమిలేట్టు ఉండాడే" అని సందేహపడింది కూడా. నాలుక మీద ఉన్నది వక్కాకు ఎరుపు కాదు, తొట్టి రంగని తెలిశాక ఇంట్లో అందరూ నవ్వుకున్నారు. అలమేలూ నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు ఆమెకు తన మీద తనకే మండుకొచ్చేది.

పెళ్లయ్యాక ఆమె కూడా షెడ్డులో చేరింది. ముత్తాతల నాటి నుంచీ ఈ ఊళ్లోనే ఉన్న కుటుంబం, వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు. చదువు అంతంతమాత్రం, చేతిలో పని మాత్రం ఖచ్చితం. నూలు చిలపలు విప్పడం, ముంచడం, పిండడం, ఆరవేయడం. మోచేతుల దాకా ఎర్రన. పండగలకు గోరింటాకు పెట్టుకునే పనే లేదని తోటి ఆడవాళ్లు ఎకసెక్కాలాడేవాళ్లు. పళని పోయాక నాలుక పని ఆమెకు వచ్చింది. "నాలుక మేస్త్రీ పెళ్లాం నాలుక కూడా మేస్త్రీయే" అన్నాడు జనార్దనం, పెద్ద గౌరవం చేసినట్టు. రెండేళ్లు ఆ పనీ చేసింది.

అప్పుడు వచ్చాయి ఆ ఇద్దరు తెల్లదొరల చర్చలు.

జనార్దనం షెడ్డులో రంగు పడిన గళ్ల బట్టంతా యూరప్‌లో ఒక దేశానికి పోయేది. దాని పక్క దేశం ఈ జాతి రంగుల్ని అప్పటికే వద్దనేసింది. మన బట్ట కొనే దేశం మాత్రం తన వ్యాపారుల మొహం చూసి నాన్చుతూ వచ్చింది. ఒకరు ఆపి ఇంకొకరు ఆపకపోతే లాభమేముంది, సరిహద్దు దాటి వచ్చేస్తుంది గదా అని, ఆ రెండు దేశాల పెద్దలూ కూర్చుని మాట్లాడుకోవాలనుకున్నారు. రంగుల కోసమే కూర్చున్నారనుకునేరు. పాల ధరలు, చేపల పడవలు, పనుల కోసం వలస వచ్చేవాళ్లు, ఇద్దరి మధ్యా పారే నది మురికి, ఇలా ఇద్దరికీ ఉన్న ఉమ్మడి సమస్యలన్నీ అయ్యాక, చివర్న రంగులు. ఆ చివరి ముక్క మీద వాషర్‌మన్‌పేటలో ఒక షెడ్డు మొత్తం ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది.

టీ వేళకు గుమాస్తా జెబరాజ్ పేపరు చదివి వినిపించేవాడు. ఫొటోలో ఒకాయన పొడుగు, ఇంకొకాయన బట్టతల. వాళ్ల పేర్లు ఎవరి నోటా తిరగలేదు. అందుకని పొడుగాయన, బట్టతలాయన అయ్యారు. రంగులు వద్దన్నది పొడుగాయన. నాన్చుతున్నది బట్టతలాయన. ఇంక ప్రతి టీకీ అదే గోల. "ఏమిరా, పొడుగాయన ఒప్పించేసినాడా?" "లేదంట, బట్టతలాయన మొండికేసినాడంట. మద్యాన్నం భోజనం మాత్రం బాగా తిన్నారంట ఇద్దరూ." జనార్దనమైతే వీధి చివర వినాయకుడికి బట్టతలాయన పేరు మీద కొబ్బరికాయ కొట్టించాడు. ఆ వినాయకుడికి ఇలాంటి మొక్కు అంతకు ముందెప్పుడూ వచ్చి ఉండదు.

చర్చలు ముగిసిన రోజు అలమేలు ఉప్పు మూటలు అయిపోయాయని చెప్పడానికి ఆఫీసు గదిలోకి వెళ్లింది. కేబుల్ టీవీలో ఆ ఇద్దరూ చేతులు కలిపి ఊపుతున్నారు. వెనక పెద్ద సరస్సు, పూల కుండీలు. జనార్దనం తల పట్టుకుని కూర్చున్నాడు. జెబరాజ్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఏమంటా ఉండారు జెబరాజూ?" అని అడిగింది.

"ఒప్పందం అయిపోయిందక్కా. రెండు దేశాలకూ ఒకటే సట్టం. మన రంగు యేసిన బట్ట ఇంక ఆడికి పోకూడదు."

"ఏంటికంట?"

జెబరాజ్ యజమాని వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఆ బట్ట ఒంటికి తగిలితే మంచిది కాదంట. క్యాన్సర్ వస్తాదంట. మూత్రసంచికి."

అలమేలు ఉప్పు మాట మర్చిపోయింది. టీవీలో వాళ్లిద్దరూ ఇంకా నవ్వుతూనే ఉన్నారు. డాక్టరు ఊపిన తలకు అర్థం ఆమెకు ఇన్నాళ్లకు, ఎక్కడో చలిదేశంలో సరస్సు పక్కన నిలబడ్డ ఇద్దరు పరాయివాళ్ల నోటి నుంచి దొరికింది. సొంత ఊళ్లో ఇంతమంది ఉండి ఒక్కడూ చెప్పలేదు.

"మొదలాళీ," అంది. "మా ఆయనకు వచ్చింది ఇదే గదా?"

"అయ్యో, నీకెవరు చెప్పినారమ్మా?" జనార్దనం చేతులు విసిరాడు. "అంతా యాపార మాయ. ఆడ వాళ్ల కంపెనీలు కొత్త రంగు కనిపెట్టినాయి, అది అమ్ముకోవద్దూ? దానికోసరం మనది విషం అంటారు. నేను ముప్పై ఏండ్లుగా ఈ రంగుల్లోనే ఉండా, నాకేమయింది?"

ఆయన ముప్పై ఏళ్లూ ఉన్నది మేడమీద ఫ్యాను కింద. తొట్టిలో వేలు పెట్టిన పాపాన ఎప్పుడూ పోలేదు. అలమేలు ఆయన్ని వదిలేసింది. జెబరాజ్‌నే అడిగింది.

"ఒంటికి తగిలితేనే రోగమంటే, ముంచేవాళ్ల సంగతి ఏమన్నా మాట్లాడినారా ఆ బల్ల కాడ?"

మర్నాడు జెబరాజ్ ఆమె కోసమే పేపరంతా వెతికాడు. పాల మీద ఉంది. చేపల మీద ఉంది. బట్ట తొడుక్కునే పిల్లల లేత చర్మం మీద పొడుగాయన చెప్పిన మంచి మాట ఉంది. ముంచేవాళ్ల మీద ఏమీ లేదు. ఆ పూట తొట్టి చుట్టూ నీళ్లు ధారకట్టాయి. అలమేలుకు ఆ ఇద్దరి మీదా కోపమే. తొడుక్కునేవాడికి పొద్దున తగిలి రాత్రికి విడిచేసే రంగు, ముంచేవాడికి ఇరవై ఏళ్లు గోళ్లలో ఉంటుంది, నాలుక మీద ఉంటుంది. ఇంత పెద్ద తలకాయలు రెండు కలిసి ఆలోచించినా ఆ బట్టకు వెనక ఒక చెయ్యి ఉంటుందని తట్టలేదా? అయినా వాళ్లు నిజం చెప్పారు. దగ్గరుండి తెలిసినవాడు అబద్ధం చెప్పాడు. రెండో కోపమే ఆమెను ఎక్కువ కాల్చింది.

ఆ రోజు నుంచి ఆమె జనార్దనాన్ని అడిగింది ఒక్కటే. కాంపెన్సేషన్ అడగలేదు, జీతం పెంచమని అడగలేదు. "సుందర్‌రాజు ముందర ఒక్క మాట చెప్పండి మొదలాళీ. పళని పోయింది సారాయంతో కాదు, రంగుతో అని. మీ నోటితో అన్న మాట, మీ నోటితోనే తియ్యండి." ఆయన నవ్వేసేవాడు. ఒకసారి కసిరాడు. ఇంకోసారి, "ఈడ ఇంతమంది పనిచేస్తా ఉండారు, వీళ్లందరికీ బయం పెడతావా?" అన్నాడు. అదే అసలు భయమని ఆమెకు అర్థమైంది. ఒక్క పళని కోసం నోరు విప్పితే రేపు పేటంతా వచ్చి వాకిట్లో నిలబడుతుంది.

వ్యాపారం మాత్రం జనార్దనం ఆపలేదు. అలాంటివాళ్లు ఆపరు. కొత్త రంగు డబ్బాలు తెప్పించి బీరువాలో పెట్టి తాళం వేశాడు. షెడ్డు మధ్యలో సున్నంతో అడ్డంగా గీత గీయించాడు. కుడిపక్క యూరప్ తొట్లు, కొత్త రంగు. ఎడమపక్క పాత తొట్లు, పాత పీపాలు. పాత రంగు పారబోస్తే నష్టం కాబట్టి అది మనవాళ్లకు. లుంగీలు, పావడాలు, బళ్లో పిల్లల గౌన్ల గుడ్డ. పాండీ బజారుకు, పురసవాక్కం అంగళ్లకు మూటలు కట్టి పంపడం మొదలైంది. దొరల పిల్లలకు పనికిరానిది మన పిల్లలకు పండగ బట్ట అయింది.

ఇంకో వింత వినండి. కుడిపక్క వాళ్లకు రబ్బరు చేతి తొడుగులు ఇచ్చాడు. కొనేవాళ్ల తరఫు మనిషి వచ్చి చూస్తాడట, ఫొటో తీస్తాడట. ఎడమపక్క చూడటానికి ఎవరూ రారు కాబట్టి తొడుగుల్లేవు. విషం ఉన్న పక్క వట్టి చేతులు, విషం లేని పక్క తొడుగులు. అలమేలును వేసింది ఎడమపక్కే. ఉప్పు చూడమంటే ఆమె మొదటిసారి తల అడ్డంగా ఊపింది. "నా నాలుక బాగలేదు మొదలాళీ. మీరు చూడండి" అంది. షెడ్డంతా కిసుక్కుమంది. జనార్దనం మొహం గంటు పెట్టుకుని మేడెక్కాడు.

గుసగుసలు పెరిగాయి. మూటలు మోసేవాళ్లు కూడా పాత పీపాల వైపు పోవడానికి వెనకాడారు. దీపావళికి ముందు జనార్దనం అందర్నీ నిలబెట్టి మాట్లాడాడు.

"ఎవురో ఇద్దరు దొరలు బోంచేసి ఏదో అన్నారని మీరు జడుసుకుంటారా? ఈ పండక్కి మీకందరికీ ఇచ్చే చీరలు, పంచెలు ఆ రంగులోనే ముంచిస్తా. అంతెందుకు, తొలి బట్ట ఎవురింటికి వస్తాది? నా ఇంటికే గదా? నా మనవరాలే తొడుక్కుంటాది. ఇంకేం కావాల మీకు?"

సుందర్‌రాజ్ ఆ మాటకు తలాడించాడు. "చూస్తివా వదినా," అన్నాడు పక్కకు తిరిగి. "సొంత బిడ్డకు తొడిగిస్తానంటా ఉండాడు. నువ్వే ఊరికే ఆయన మింద నింద యేస్తా ఉండావు."

అలమేలు కొంగు బిగించింది.

తొలి బట్ట ఆ షెడ్డు ఆచారం. జనార్దనం తండ్రి పెట్టింది. ఏటా దీపావళి ముందు తొట్టిలో మొదట ముంచిన బట్టను పసుపు కుంకుమలతో పళ్లెంలో పెట్టుకుని, పనివాళ్లందరూ కలిసి పురసవాక్కంలోని యజమాని ఇంటికి తీసుకెళ్తారు. దీపం ముందు ఆ ఇంటి చిన్నబిడ్డకు దాన్ని కప్పుతారు. ఆ తర్వాతే పనివాళ్లకు పండగ బట్టలు, మిఠాయి. బట్టను ముంచి తెచ్చేది ఎప్పుడూ ఉప్పు చూసే మేస్త్రీయే. పళని ఉన్నన్నాళ్లూ పళని. ఇప్పుడు, ఉప్పు చూడనన్నా, ఆ వంతు అలమేలుదే.

ఈసారి ఆమె బట్ట ముంచి ఊరుకోలేదు. పక్కింటి కుట్టుమిషను మీద దాన్ని పావడా, చొక్కాగా కుట్టించింది. ఎర్రటి పావడా, అంచుకు మెరిసే జరీ పట్టీ. చూస్తే ఏ ఆడపిల్లయినా వదలదు.

ఆ ఉదయం సన్నగా తుంపర పడుతోంది. అందరూ జనార్దనం ఇంటి వరండాలో చేరారు. దీపం వెలిగించారు. పనివాళ్ల బట్టల పొట్లాలు ఒక పక్క పేర్చి ఉన్నాయి, అన్నీ ఎరుపే. జనార్దనం పట్టు పంచె కట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు. కోడలు హేమమాలిని బిడ్డను ఎత్తుకొచ్చింది. కార్తీక, నాలుగేళ్ల పిల్ల. అలమేలు పళ్లెం మీది గుడ్డ తీయగానే పిల్ల చేతులు చాచింది.

జనార్దనం నవ్వు సన్నబడింది. "కుట్టించేసినావా?" అన్నాడు. "సరి సరి. పూజ గదిలో పెట్టేయమ్మా హేమా. తర్వాత చూద్దాం."

"ఏంటికి మొదలాళీ?" అలమేలు పళ్లెం కదపలేదు. "బిడ్డ తొడుక్కుంటాదని మీరే అందరి ముందర చెప్పినారు గదా. నా చేత్తోనే ముంచినా. కొలత కూడా సరిపోతాది."

"తొడుక్కుంటా! నేను తొడుక్కుంటా!" కార్తీక అప్పుడే పాత గౌను లాగేసుకుంటోంది. హేమమాలినికి ఏమీ తెలియదు. ముచ్చటపడి చొక్కా అందుకుంది. "ఎంత బాగుందో అలమేలక్కా! మామయ్యా, చూడండి" అంటూ బిడ్డ తల మీదుగా చొక్కా దించింది. ఒక చెయ్యి దూర్చింది. తుంపరకు వరండా తడిగా ఉంది, పిల్ల భుజాల మీద నీటి చుక్కలున్నాయి.

"తీయ్!"

ఆ అరుపుకు దీపం దగ్గరి ఆడవాళ్లు వెనక్కి తుళ్లారు. జనార్దనం పళ్లెం తోసేసి వచ్చి బిడ్డ మీద పడ్డాడు. కుంకుమ నేలపాలైంది. "తీయ్ దాన్ని! తడి ఒంటికి తగలనియ్యొద్దు! విషం అది, విషం!"

"ఏం విషం మామయ్యా? మీ షెడ్డు బట్టే గదా?" హేమమాలిని బిత్తరపోయింది.

"ఎడమ తొట్టిలో రంగే అది! ఆ పళని ఎట్లా చచ్చినాడో తెలుసునా నీకు? తీస్తావా లేదా!" చొక్కాను బిడ్డ మెడ మీంచి లాగి, మీద పడిన పామును విదిలించినట్టు దూరంగా విసిరాడు. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. ఆయన బిడ్డను ఎత్తుకుని తన పట్టు ఉత్తరీయంతో భుజాలు, మెడ, చెయ్యి తుడుస్తూనే ఉన్నాడు. ఎంత తుడిచినా ఆయనకు చాలలేదు.

తుడుస్తూ తుడుస్తూ తలెత్తాడు. వరండా అంతా ఆయన వైపే చూస్తోంది. అప్పటికి గానీ తన నోట ఏం వచ్చిందో ఆయనకు తెలిసి రాలేదు.

అలమేలు వంగి ఆ చొక్కా తీసుకుంది. దులిపి, పావడాతో కలిపి మడిచి, తిరిగి పళ్లెంలో పెట్టింది.  

"దీన్ని యూరప్ తొట్టిలో ముంచినా మొదలాళీ. మీరు తాళం యేసి పెట్టిన కొత్త రంగు. జెబరాజును అడగండి, తాళం తీసింది అతనే. నాలుగేండ్ల బిడ్డకు విషం తొడిగేదాన్ని కాను నేను. బిడ్డకు తొడగండి, ఏమీ కాదు." ఆగి, ఊపిరి పీల్చుకుంది. ఆమె గొంతు పైకి లేచింది. ఆ షెడ్డు వాళ్లు ఆమె అరుపు వినడం అదే మొదలు. "మీ మనవరాలి ఒళ్లు ఒళ్లు! దొరల పిలకాయల ఒళ్లు ఒళ్లు! మా ఆయన నాలుక మాత్రం నాలుక కాదా? దాని మీద రాసి రాసి చంపి, సారాయం అని చెప్పి దండ యేసి పోయినారే! ఇన్ని దినాలుగా నేనడిగింది ఇప్పుడు మీరన్న ఈ ఒక్క మాటే!"

జనార్దనం నోరు తెరిచాడు. "అది కాదు అలమేలూ, కంగారులో ఏదో..." అన్నాడు. ఎవరూ వినడం లేదు. జెబరాజ్ తల వంచుకుని, తీసింది తానేనన్నట్టు తాళంచెవి గట్టు మీద పెట్టాడు. హేమమాలిని మామ చేతుల్లోంచి బిడ్డను తీసుకుని, లోపలికి వెళ్లిపోయింది.

ముందు కదిలింది ఒక ముసలామె. పండగ చీర పొట్లం అందుకుందామని చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. మిగతావాళ్లు పక్కన పేర్చిన పొట్లాలు తెచ్చి మెట్ల మీద పడేశారు. ఒకరి తర్వాత ఒకరు. తుంపరలో ఆ పొట్లాలు తడిసి, మెట్ల మీంచి ఎర్రటి నీళ్లు వీధిలోకి కారాయి. మిఠాయి పళ్లాన్ని ఎవరూ ముట్టలేదు.

ఆ తర్వాత అలమేలుకు ఆ షెడ్డులో పని లేదు. ఆమే వెళ్లలేదు, ఆయనా పిలవలేదు. పాత పీపాలు ఏ షెడ్డుకు చేరాయో, ఎంతమంది ఆడపిల్లల పండగ పావడాలయ్యాయో చెప్పేవాళ్లు లేరు. పొడుగాయన, బట్టతలాయన తర్వాత మళ్లీ కలుసుకున్నారట. ఈసారి రైళ్ల గురించట. జెబరాజ్ చెబితే అలమేలు, "కూర్చోనీ, వాళ్లకేం" అంది.

కానీ అదంతా తర్వాతి మాట. ఆ ఉదయం ఆమె పళ్లెం చంకన పెట్టుకుని గేటు దాటింది. వెనక ఎవరో పరుగున వస్తున్న చప్పుడు. సుందర్‌రాజ్. పక్కకు వచ్చి నడిచాడు.  బస్టాండు దగ్గర ఆగి, తడిసిన మొహం తువ్వాలుతో తుడుచుకున్నాడు.

"వదినా," అన్నాడు. "అన్న తెవసం ఏ తిథి?"